ఐదు విస్తళ్ళ సభ

అనగనగా ఓ పెద్ద ఏరు. ఆ ఏటి పొడుగునా పదకొండు రాజ్యాలు. నీళ్ళు అందరివీ, పెత్తనం మాత్రం పైనున్న ఐదుగురు రాజులది. ఏటా వానలకు ముందు సభ పెట్టేవాళ్ళు. సభంటే ఏమనుకున్నారు, భోజనాలే. బంతిలో ఐదే విస్తళ్ళు. తినడానికి కూర్చుని మాట్లాడుకోవడం, నచ్చకపోతే ఎవరో ఒకరు విస్తరి మడిచేయడం. ఒకరు మడిస్తే అందరూ లేవాలి, ఆ మాట అంతటితో సరి. మిగతా ఆరు రాజ్యాలవాళ్ళూ గుమ్మం బయట చేతులు నలుపుకుంటూ నిలబడాల్సిందే. ఊఁ కొట్టండర్రా, గోడకి చెబుతున్నానా?

ఏటి చివరన లంకల రాజ్యం. పైవాళ్ళు చెప్పాపెట్టకుండా తూములు ఎత్తేస్తే అక్కడ ఇళ్ళు పోయేవి, గొడ్లు పోయేవి, ఒక్కో ఏడు మనుషులూ పోయేవాళ్ళు. నీళ్ళు వదిలేముందు ఓ మాట చెప్పండయ్యా అనాలన్నా బంతిలో విస్తరి ఉండాలిగా! ముసలిరాజు నలభై ఏళ్ళు తిరిగాడు. చెప్పులరిగాయి గానీ విస్తరి పడలేదు. ఆ ఏడు మోకాళ్ళు పట్టేసి కోడలు వీరవేణిని పంపాడు. పాపం, ఆ పిల్ల అన్న వరదలోనే పోయాడు. అందుకే దానికంత పట్టుదల.

ఒకటో రాజు దగ్గరికెళ్ళి అడిగింది. నాకేం అభ్యంతరం లేదమ్మా, ఆ రెండోవాడే ఒప్పుకోడు అన్నాడు. రెండోవాడు మూడోవాణ్ణన్నాడు, మూడోవాడు నాలుగోవాణ్ణన్నాడు, నాలుగోవాడు ఐదోవాణ్ణన్నాడు, ఐదోవాడు మళ్ళీ ఒకటోవాణ్ణే అన్నాడు. చూశారా నంగనాచులు? వీరవేణికి ఒళ్ళు మండింది. మండినా పైకి నవ్వుతూనే, కూర్చోనివ్వకపోతే పోనీండి, ఈసారి వడ్డన నాకివ్వండి అంది. వడ్డిస్తానంటే ఎవడు కాదంటాడు?

సభనాడు పొద్దుటినుంచీ పస్తున్న రాజులకి పులిహోర, పనసపొట్టు కూర, పూర్ణాలు, ముద్దపప్పు వడ్డించింది. నెయ్యి పడందే ముద్ద కలపకూడదు, అదీ అక్కడి ఆచారం. నేతిగిన్నె చేత్తో పట్టుకుని ఆగిపోయింది. తమకు అభ్యంతరం లేదని ఐదుగురూ నాతో అన్నారు, సంతోషం. లంకలకి ఆరో విస్తరి వేస్తున్నా, కాదనేవాళ్ళు ఇప్పుడే మడవండి అంది.

ఒకటోవాడు రెండోవాడి వంక చూశాడు, రెండోవాడు మూడోవాడి వంక చూశాడు. నేనెందుకు చెడ్డవ్వాలి, పక్కవాడే మడుస్తాడులే అని అందరికీ ధీమా. పూర్ణాలు చల్లారిపోతున్నాయి. ఒక్క చెయ్యీ కదల్లేదు!

విస్తరి పడింది. వీరవేణి దర్జాగా కూర్చుంది. కూర్చుని ఏం చేసిందో తెలుసా? తన విస్తరి అంచు పట్టుకుంది. గుమ్మం బయట ఇంకా ఐదుగురు నిలబడున్నారు, వాళ్ళకీ వేస్తారా, నన్ను మడవమంటారా అంది. రాజులకి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. వెయ్యి తల్లీ, ముందా నెయ్యి వడ్డించు అన్నారు. బయటివాళ్ళు కేకలేసుకుంటూ లోపలికొచ్చారు. పదకొండు విస్తళ్ళు! తూము ఎత్తాలంటే మూడ్రోజుల ముందే దండోరా వేయాలి అందావిడ. ఎవరూ మడవలేదు.

ఆ ఏడు ఏరు పోటెత్తింది. దండోరా విని జనమంతా ముందే మెరకకెక్కారు. లంకల్లో ఒక్క దూడైనా కొట్టుకుపోలేదు. ముసలిరాజు కర్ర పోటేసుకుంటూ వచ్చి, కోడల్ని మేళతాళాలతో ఊరేగించాడు.

అందుకే ఎవరు కాదంటున్నారో తేలాలంటే అందర్నీ ఒక్కచోట కూర్చోబెట్టి అడగాలర్రా. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.