కృపావతి ఇంటి గంట

బ్యూలా ప్రశ్నలు అడగడం మానేసింది.

ఆరేళ్ళ పిల్ల. మొన్నమొన్నటిదాకా పొద్దున పెనం మీద దోసె పడ్డ దగ్గర్నుంచి రాత్రి ప్రార్థనకు ఆమెన్ చెప్పేదాకా ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది. దోసెకు ఈ చిల్లులన్నీ ఎవరు పొడిచారు? ప్రార్థనలో మనం కళ్ళు మూసుకుంటే దేవుడు కూడా మూసుకుంటాడా? నోవహు ఓడ చెక్కతో కట్టాడు కదా, మరి చెదపురుగుల్ని ఎక్కడ కూర్చోబెట్టాడు? ఆ చెదపురుగుల ప్రశ్నకు వాళ్ళ నాన్న తిమోతి కంచం ముందు కూర్చుని చాలాసేపు తల గోక్కున్నాడు.

ఇప్పుడవేమీ లేవు. అడిగితే చెబుతుంది. తప్పు లేకుండా చెబుతుంది. చెప్పి ఊరుకుంటుంది.

కృపావతికి అది అంతుపట్టలేదు. పెళ్ళికి ముందు కాన్వెంటులో పాఠాలు చెప్పిన మనిషి ఆమె. పిల్లలు పుట్టాక, వాళ్ళకు దేవుని మాటా లోకం సంగతులూ తన నోటితోనే చెప్పుకోవాలని ముచ్చటపడింది. బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటానంది. తిమోతి సరేనన్నాడు. మొదట్లో అంతా ఆటలాగే సాగింది. చిక్కుడుకాయలు వలుస్తూ కూడికలు, బట్టలారేస్తూ వాక్యాలు, వంటింట్లో పప్పు ఉడుకుతుంటే ఆవిరి గురించి పాఠం.

అదిగో, అక్కడే వచ్చి పడింది వాళ్ళ చర్చికి వచ్చే రత్నకుమారి. స్త్రీల సమాజంలో, నలుగురూ కూర్చున్న చోట, "పప్పులో ఉప్పేస్తూ చెప్పేది చదువేనా వదినా? నైటీలో పంతులమ్మను నేనెక్కడా చూళ్ళేదమ్మా" అంది. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో కృపావతి ఇవాళ్టికీ పేరుపేరునా చెప్పగలదు.

ఆ మర్నాడే బస్సెక్కి ఒంగోలు వెళ్ళి ఇత్తడి చేతిగంట కొనుక్కొచ్చింది. నీలం గుడ్డ తెచ్చి పిల్లలిద్దరికీ యూనిఫాం కుట్టింది. ముందు గదిలో నల్లబల్ల వేలాడదీసింది. తొమ్మిదికి గంట కొడితే బడి పెట్టినట్టు, పన్నెండుకి కొడితే వదిలినట్టు. ఆ మధ్యలో ఆమె అమ్మ కాదు, టీచర్. అమ్మా అని పిలిస్తే పలకదు. వదిలాక వంటా, రేపటి పాఠాల తయారీ; పిల్లల వైపు తిరిగే తీరికుండదు.

నాలుగేళ్ళ జోయెలు ఒకరోజు చెయ్యెత్తి, "టీచర్, వంటింట్లో మా అమ్మ ఉందేమో చూసొస్తా. బెల్లం పెడుతుంది" అన్నాడు. కృపావతి నవ్వాపుకుని కూర్చోమంది. పిల్లవాడికి పద్ధతి ఎంత బాగా పట్టుబడిందో మరుసటి సమాజంలో చెప్పింది కూడా, రత్నకుమారికి వినపడేటట్టు.

ఇంత చక్కగా నడుస్తున్న బళ్ళో పిల్ల నోరెందుకు మూతపడింది?

"బళ్ళు తెరిచారు," అన్నాడు తిమోతి ఆ శుక్రవారం. "దాన్ని చూస్తుంటే నాకు బెంగగా ఉంది కృపా. సోమవారం ఇద్దర్నీ తీసుకెళ్ళి మిషన్ స్కూల్లో వేసేద్దాం."

"రత్నకుమారి నవ్వాలనా?"

"ఆవిడ నవ్వితే నాకేం? నా పిల్ల మాట్లాడాలి."

కృపావతి చివరికి, అయ్యగార్ని అడుగుదాం, ఆయన ఏం చెబితే అదే, అంది. తిమోతి ఒప్పుకున్నాడు.

దైవదానం అయ్యగారు వాళ్ళ చర్చికి చాలా ఏళ్ళు పాస్టరుగా ఉండి, ఓపిక తగ్గి మానుకున్న పెద్దాయన. కృపావతికి పావడా కట్టుకునే రోజుల్లో సండే స్కూల్లో మొదటి వాక్యం నేర్పింది ఆయనే, బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. ఆమె వెళ్ళేసరికి పెరట్లో మేకను చీవాట్లు పెడుతున్నారు. తాడు తెంపుకుపోయి ఎవరి పాదులోనో పడి మేసొచ్చిందట.

"చప్పుడు చెయ్యకుండా జారుకుంటుందమ్మా ఇది. ఎటుపోయిందో తెలిసి చావదు," అన్నారు.

కృపావతి తన గోడు చెప్పుకుంది. పాఠాల్లో లోపం లేదంది. వేళ తప్పనివ్వడం లేదంది. పిల్లల్ని ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదంది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి అయ్యగారూ. మరి దాని ప్రశ్నలు ఎటుపోయాయి?"

అయ్యగారు గడ్డం నిమురుకున్నారు. "నాక్కూడా అదే తెలుసుకోవాలనుంది. రేపు నన్ను నీ బళ్ళో చేర్చుకుంటావా?"

ఆ రాత్రి తొలకరి పడింది.

శనివారం పొద్దున గంట కొట్టకముందే అయ్యగారు వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, పిల్లల వెనక చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కుర్చీ వేస్తే వద్దన్నారు.

"నేను కుర్చీలో కూర్చుంటే తక్కినవాళ్ళు ఏమనుకుంటారు టీచర్?"

జోయెలు వెనక్కి తిరిగి ఆయన్ని ఎగాదిగా చూసి, "తాతయ్యకి యూనిఫాం లేదు టీచర్" అన్నాడు. తిమోతి టీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

కృపావతి గంట కొట్టి కిటికీలో పెట్టింది. ఆ రోజు పాఠం పురుగులు. బల్ల మీద చీమ బొమ్మ గీసింది. తల, నడుము, పొట్ట. ముద్దుగా వచ్చింది బొమ్మ.

"పురుగుకి కాళ్ళెన్ని?"

"ఆరు టీచర్," అన్నారు ఇద్దరూ.

అన్నాక బ్యూలా తల దించుకుని తన గౌను జేబు వైపు చూసుకుంది. ఎడమచెయ్యి ఆ జేబులోనే ఉంది. కృపావతి బల్ల వైపు తిరిగి చీమకు మీసాలు పెడుతుంటే, అయ్యగారు ముందుకు వంగారు.

"ఏముందే అందులో?"

"ఇప్పుడు చూపించకూడదు తాతయ్యా. అది మా అమ్మకి."

"మీ అమ్మ ఎక్కడుంది?"

"గంట కొట్టాక వస్తుంది."

గుసగుసలు కృపావతి చెవిన పడ్డాయి. క్లాసులో గుసగుసలంటే ఆమెకు కాన్వెంటు రోజుల నుంచీ పడదు.

"వెనకాల ఏమిటా మాటలు?" అంది, తిరిగి చూడకుండానే. అన్నాక నాలుక్కరుచుకుంది.

"తప్పయింది టీచర్," అన్నారు అయ్యగారు. తిమోతి గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

అయ్యగారు మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచారు. కిటికీ దగ్గరికి నడిచి, గంట తీసి, గణగణా వాయించారు.

పిల్లలిద్దరూ బిత్తరపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వెంటనే, "అమ్మా!" అంటూ ఒక్క ఉరుకు ఉరికి, ఊరెళ్ళి తిరిగొచ్చిన మనిషిని పట్టుకున్నట్టు కృపావతి నడుముకు చుట్టుకున్నారు.

"ఇంకా పది కూడా కాలేదు అయ్యగారూ," అంది కృపావతి. "అది బడి వదిలే గంట."

"అవునా? కొడితే ఎవరొస్తారో చూద్దామనిపించిందమ్మా."

ఈలోపు బ్యూలా జేబులోంచి అగ్గిపెట్టె తీసింది. అరచేతిలో పెట్టుకుని మెల్లగా తెరిచింది. లోపల మఖమల్ గుడ్డతో చేసినట్టు ఎర్రటి ఆరుద్ర పురుగు, కాళ్ళు ముడుచుకుని ఉంది.

"ముట్టుకోకమ్మా, ముట్టుకుంటే చచ్చిపోయినట్టు నటిస్తుంది. పొద్దున గోరింట మొక్క కింద దొరికింది. వాన పడకముందు ఇవన్నీ ఎక్కడుంటాయమ్మా? లోపల కూడా ఎర్రగానే ఉంటుందా? దీనికి వాళ్ళమ్మ ఉంటుందా? మరీ..." పిల్ల ఊపిరి పీల్చుకుంది. "దీనికి ఎనిమిది కాళ్ళున్నాయమ్మా. నేను లెక్కపెట్టా. టీచరేమో ఆరని చెప్పింది."

కృపావతి చేతిలో సుద్దముక్క అలాగే ఉంది.

"మరి టీచర్‌కి చెప్పలేదేం?"

బ్యూలా ఆమెను వింతగా చూసింది. "టీచర్‌కి అడిగింది చెప్పాలి. ఇది నీకు కదా."

"దేవుడు వానలో తొందరపడి రెండు కాళ్ళు ఎక్కువ పెట్టేశాడు," అన్నాడు జోయెలు. "అమ్మా, బెల్లం."

తిమోతి గుమ్మం దిగి ముందుకొచ్చాడు. "మరి సోమవారం సంగతి ఏం చెయ్యమంటారు అయ్యగారూ?"

అయ్యగారు గంటను చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"మంచి ఇత్తడి. ఇది నాకిస్తావా కృపావతీ? మా మేకకు కడతాను."

కృపావతి గంట వైపు చూసింది. రత్నకుమారి నవ్వు చెవిలో మోగింది. అగ్గిపెట్టెలో పురుగు ఒక కాలు మెల్లగా చాపింది.

"తీసుకెళ్ళండి అయ్యగారూ."

"అయితే సోమవారం కూడా బడి ఇక్కడే," అన్నాడు తిమోతి. వంటింట్లోకి వెళ్ళి బెల్లం డబ్బా తెచ్చి జోయెలు ముందు పెట్టాడు.

అయ్యగారు చెప్పులేసుకుని వీధిలోకి దిగారు. ఆయన అడుగు వేసినప్పుడల్లా భుజాన సంచిలో గంట మోగుతోంది. చప్పుడు మలుపు దాకా వెళ్ళింది. బ్యూలా చెవులు రిక్కించి వింది.

"అమ్మా, టీచర్ వెళ్ళిపోతోందా?"

కృపావతి చాప మీద కూతురి పక్కనే బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, అగ్గిపెట్టెలోకి చూస్తూ కాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.