ముత్తెమ్మ అడిగిన పిట్ట

సోమలింగం వైద్యుడికి మూడేళ్లుగా నిద్ర లేదు. కళ్లు మూసుకుంటే చాలు, చనిపోయిన భార్య ముత్తెమ్మ, "ఆ కూసేది ఏం పిట్టయ్యా?" అని అడుగుతోంది.

మంచాన పడ్డ నెల్లాళ్లూ తెల్లారగట్ల ఆమె ఇదే అడిగింది. ఆయన వాకిట్లో కల్వం ముందు కూర్చుని, ఆమెకే మందు నూరుతూ, "ఏదో పిట్టలే, పడుకో" అనేవాడు. గోదావరికి గట్టు కట్టేంత మందు నూరాడు. ఆమె దక్కలేదు.

ఆ తరవాత ఇంటికి తాళం పెట్టి, అడవిలో పిట్టలస్వామి దగ్గర శిష్యుడిగా చేరాడు. స్వామి గడ్డంలో పిట్టలు రెండు కాపురాలు పెట్టాయని జనం అంటారు. అబద్ధం, నేను చూసినప్పుడు ఒకటే ఉంది.

ఎందుకొచ్చావని స్వామి అడగలేదు. ఈయన చెప్పలేదు. మూడేళ్లలో అడవిలో పిట్టలన్నిటినీ నేర్చేశాడు. రాలిన ఈక చూపిస్తే కుడిరెక్కదో ఎడమరెక్కదో, ఆ పూట ఏం తిన్నదో కూడా చెప్పేవాడు. అయినా నిద్ర రాలేదు. ఒకనాడు ఇక ఆగలేక సంగతంతా స్వామికి చెప్పుకున్నాడు.

"ఎలా కూసిందా పిట్ట?" అన్నాడు స్వామి.

"ఇదడుగుతారనే ఇన్నాళ్లూ నోరు విప్పలేదు స్వామీ. నేను వినలేదు."

"సాగదీసేదా, తుంచి తుంచి కూసేదా?"

"నాకు కల్వం చప్పుడొక్కటే గుర్తుంది. ఎల్లుండి ఆమె తద్దినం. ఆ పేరొక్కటి చెప్పుకోలేకపోతే ఏ మొహం పెట్టుకుని పెట్టను?"

స్వామి చేతికర్ర అందుకున్నాడు. "పద, మీ ఇంటికి."

వెదురు తడికల ఇల్లు. లోపల మనిషిలోతు దుమ్ము. ముత్తెమ్మ మంచం ఉన్నచోటే ఉంది. తెల్లారగట్ల స్వామి తన పైగుడ్డతో ఆ మంచం దులిపాడు.

"పడుకో."

"దీని మీదా స్వామీ?"

"ఆవిడ తల ఎటు పెట్టేది?"

"తడిక వైపు."

"నువ్వూ అటే పెట్టు."

కాకులింకా లేవలేదు. తడిక అవతల పాట మొదలైంది. తేనె ఒలికినట్టు కాసేపు, ఠక్కున ఆగి, ఇంకో వరసలో మళ్లీ.

సోమలింగం తల తిప్పాడు. తడిక సందులోంచి, సరిగ్గా కంటికి ఎదురుగా, వెదురుపొద అడుగుకొమ్మ మీద నల్లటి పిట్ట. ఇటుకరంగు పొట్ట. మూరెడు తోక.

"తోకనల్లంచి," అన్నాడు. "ఇదా స్వామీ? ఏ పొదలో చూసినా ఇదే. మొదటి వారంలోనే నేర్చుకున్నాను." మళ్లీ సందులోంచి చూశాడు. "ఇక్కణ్ణించి ఇంత బాగా కనిపిస్తుంది. అయితే ఆమె రోజూ చూస్తూనే ఉంది."

"మీ ఆవిడది ఏ ఊరు నాయనా?"

"ఈ ఊరే. చిన్నప్పట్నించీ ఈ పొదల్లోనే కూరకి లేత వెదురుకొమ్ములు ఏరుకుంటూ..."

"ఇక్కడ పుట్టిన పిల్లకి ఆ పిట్ట పేరు తెలీదా?" అని, స్వామి మెల్లగా బయటికి నడిచాడు.

పిట్ట పాడుతూనే ఉంది. సోమలింగం ఒక అంచుకి జరిగి, మంచం మీద పక్కన, ఆ నెల్లాళ్లూ తను వచ్చి కూర్చోని వైపున, ఒక మనిషి కూర్చునేంత చోటు చేశాడు.