తాడు జరిపినవాడు

అనగనగా ఒక ఊరు ఉండేదట. ఊరంటే మన ఊరిలాంటిది కాదు, కొండ కొమ్మున పదహారు గుడిసెల గూడెం. అక్కడివాళ్ళకి దున్నడం తెలియదు, నాటడం తెలియదు. కొండ చరియకి తాడు వేలాడేసుకుని దిగడం, తేనెపట్టు కోసుకుని పైకి రావడం తెలుసు.

దిగేవాడి తాడు పైన చెట్టుకి కట్టి, ఎవరు పట్టుకోవాలన్నదానికి ఒక కట్టుబాటు ఉంది. అన్నదమ్ములు పట్టుకోకూడదు, స్నేహితుడు పట్టుకోకూడదు. బావమరిదే పట్టుకోవాలి. వాడు తాడు వదిలితే తాళి తెగేది వాడి అక్కదే కదా, అందుకని వదలడని. బాగానే ఆలోచించారు. కాకపోతే ఆ పెద్దలు మనిషి గుండెలో ఏముందో చూశారు గానీ, తలలో ఏం లేదో చూడలేదు. ఆవలించకు, కథ ఇప్పుడే మొదలవుతోంది.

ఆ గూడెంలో ఈదమ్మ అని ఒకామె. ఆమె మొగుడు మంతన్న, చరియ మీద బల్లిలా పాకేవాడు. ఆమె తమ్ముడు పోతయ్య, బావ తాడు పట్టుకునేవాడు. బావంటే ప్రాణం వాడికి. కానీ వాడికో జబ్బు ఉంది. తనకు తెలిసిందంటే లోకమంతటికీ తెలిసిపోయిందనుకుంటాడు.

నీ తమ్ముడు కళ్ళు మూసుకుని, తనెవరికీ కనబడటం లేదనుకుంటాడు చూడు, అలాగన్నమాట. నీ తమ్ముడికి మూడేళ్ళు, సరిపోయింది. నాలుగో ఏడో అయిదో ఏడో వచ్చేసరికి పిల్లల తలలో ఒక కిటికీ తెరుచుకుంటుంది. నాకు తెలిసింది ఎదుటివాళ్ళకి తెలియకపోవచ్చు అని అప్పుడు అర్థమవుతుంది. పోతయ్యకి మీసాలొచ్చాయి గానీ ఆ కిటికీ ఓరగానే ఉండిపోయింది.

మొదటిసారి అంబలి కుండ దగ్గర బయటపడింది. చీమలు పడుతున్నాయని పోతయ్య కుండ తీసి ఉట్టి మీద పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఈదమ్మ ఆకలితో గుడిసంతా వెతికింది. సాయంత్రం వాడొచ్చి, "ఉట్టి మీదే ఉందిగా అక్కా" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత అడవిపంది కోసం వాగు దారిలో ఉచ్చు పన్నాడు. అదీ చెప్పలేదు. నీళ్ళకెళ్ళిన ఈదమ్మ కాలు అందులో పడి చీలమండ తెగింది. "ఉచ్చు అక్కడే ఉందిగా, చూసుకోవద్దా" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మంతన్న వాడి చెంప వాయగొట్టాడు.

"నీ తలలో ఉన్న ఉచ్చు మీ అక్క కాలికెట్లా తెలుస్తదిరా?"

పోతయ్య చెంప తడుముకుంటూ నిలబడ్డాడు. గూడెమంతా చూసింది.

అయినా తాడు వాడి చేతుల్లోంచి తియ్యలేదు. కట్టుబాటు కదా. పైగా వాడి పట్టు ఉడుం పట్టు.

ఆమె కాలు మానాక మూడోసారి వచ్చింది. చరియ నడుమ ఒక గుహ ఉంది, తేనెపట్టు దాని లోపల. తాడు మీద అక్కడిదాకా దిగి, గుహ అంచున కాలు మోపి, తాడు వదిలి లోపలికి పోవాలి. పచ్చాకు కట్ట రాజేసి పొగ పెట్టాలి. పట్టు కోశాక, ఆ పొగలో కళ్ళు మూసుకునే అంచుకొచ్చి, చెయ్యి చాపి తాడు అందుకోవాలి. మంతన్నకి అది నోట్లోకి ముద్ద పెట్టుకున్నంత అలవాటు.

ఆ రోజు మంతన్న గుహలో ఉండగా పైన పోతయ్య చూశాడు. తాడు రాతి అంచుకి రాసుకుని పురి తెగుతోంది. అయ్యో, బావ పడిపోతాడే అనుకున్నాడు. అప్పుడు తాడు విప్పి, రెండు బారలు కుడిపక్కకి జరిపి, ఇంకో చెట్టుకి గట్టిగా కట్టాడు. ఒక్క కేక వెయ్యలేదు. తాడు కళ్ళ ముందు వేలాడుతోంది కదా మరి. ఎవరి కళ్ళ ముందు? వాడి కళ్ళ ముందు.

అప్పుడు మంతన్న చెయ్యి చాపాడు.

గూడెం వాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి పోతయ్య ఖాళీ తాడు పట్టుకుని కిందికి చూస్తున్నాడు. "తాడు ఇక్కడే ఉందిగా బావా" అంటున్నాడు.

గూడెం పెద్ద తీర్పుకి కూర్చున్నాడు. చెంపదెబ్బ మనసులో పెట్టుకుని చంపాడన్నాడు. అందరూ తలలూపారు. వాళ్ళూ అంతే. ఎదుటివాడి తలలోకి చూడటం చేతకాక, తమ తలలో ఉన్న పగే తీసి అక్కడ పెట్టుకున్నారు. బావని చంపినవాణ్ణి అదే చరియ మీంచి తొయ్యాలని కట్టుబాటు. కాకపోతే తొయ్యమనో వద్దనో వాడి అక్క చెప్పాలి.

ఈదమ్మ ఏడవలేదు. "నేను గుహలోకి దిగుతా. తాడు వాడే పట్టుకోవాల" అంది.

"పిచ్చా నీకు? నీ మొగుణ్ణి చంపినోడి చేతికి నీ ప్రాణమిస్తావా?" అన్నాడు గూడెం పెద్ద.

"మరి నీ చేతికియ్యమంటావా మామా? సారా పడితే నీ గుడిసె నీకు దొరకదు."

తర్వాత తమ్ముడితో, "నేను లోపలికి పోయినాక తాడు జరుపు, ఆ రోజు జరిపినట్టే. నోరు మెదపొద్దు" అని దిగింది.

గుహలో పొగ పెట్టింది. కళ్ళు మండి మూసుకుంది. గోడ పట్టుకుని అంచుకొచ్చి, బోర్లా పడుకుని చెయ్యి చాపింది. తాడు జరిగిందని ఆమెకి తెలుసు. అయినా చెయ్యి పాత చోటికే పోయింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

పొగ పలచబడ్డాక చూస్తే, అంచు రాయి మీద మొగుడి చేతిముద్ర. తేనె చెయ్యి. చీమలు పట్టి, అయిదు వేళ్ళూ నల్లగా కదులుతున్నాయి.

అప్పుడు పైనుంచి కేక. "అక్కా, తాడు కుడిపక్కకి జరిపినా. రెండు బారలు. అక్కా, ఇనబడిందా? కుడిపక్కకి అక్కా."

నోరు మెదపొద్దన్నా ఆగలేకపోయాడు. మళ్ళీ మళ్ళీ, గొంతు పగిలేలా అరిచాడు. ఓరగా ఉన్న కిటికీ అప్పుడు తెరుచుకుంది. బావ పోయిన మూడో రోజున.

ఈదమ్మ ఆ చేతిముద్ర పక్కన కూర్చుని అంతా వింది. ఆ తర్వాత పైకొచ్చి, "తొయ్యొద్దు. చంపాలని చంపలే" అంది.

పోతయ్య ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "నన్ను నమ్మినావు అక్కా."

"నమ్మలేదు. దిగి చూసినా" అంది. కాళ్ళు వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత వాడు రోజూ ఆమె కంచె బయట నిలబడి చెప్పేవాడట. అక్కా, కట్టెలు ఇంటెనక పెట్టినా. అక్కా, కుండ నీడకి జరిపినా. అక్కా, నేను పోతున్నా. లోపల ఆమె కట్టెలు విరిచి పొయ్యిలో పెట్టుకునేది. పిలిచేది కాదు, పొమ్మనేది కాదు. వాడి జుట్టు నెరిసింది, నడుం వంగింది. ఆమె మనసులో ఏముందో తెలుసుకోవాలని చచ్చేదాకా ఆ కంచె పట్టుకుని నిలబడ్డాడు.

ఏమనుకుందీ అని అడుగుతున్నావా? ఆమె చెప్పలేదు తల్లీ. చెప్పనిది నేనెక్కడ్నుంచి తేను?

కథ నడిచి కంచి చేరింది,
మనింట్లో దీపం ఆరింది,
కళ్ళు రెండూ మూసే ఉంచు,
చెయ్యొక్కటి నాకందించు.