వీపు చూపని పీత

రండి నాయనా, దగ్గరగా జరగండి. ఆ చివర కూర్చున్న తల్లీ, నువ్వూ రా. స్వామిని ఒక్కసారి తలుచుకుని చెవులు ఇటివ్వండి.

ఒకప్పుడు పీత మనలాగే తిన్నగా నడిచేది. సముద్రానికి రావడానికీ పోవడానికీ ఓ వేళంటూ లేదు. బుద్ధి పుట్టినప్పుడల్లా ఒడ్డు మీదికి ఎక్కేసేది.

ఒడ్డుకు ఒళ్లు మండింది. "ఇంకో అడుగు వేశావంటే చూడు!" అని ఇసుక దిబ్బలు పేర్చి దారి మూసేసింది.

మధ్యలో నలిగిందెవరు? తడి ఇసుకలో బొరియ తవ్వుకున్న మంగ అనే పీత. సముద్రం పొంగితే దాని పిల్లలు కొట్టుకుపోతాయి. దిబ్బ అడ్డం పడితే నీళ్లందక ఎండిపోతాయి.

"నేను తీర్పు చెబుతాగా!" అంది కొంగ.

"నీ తీర్పు అయ్యేసరికి నా పిల్లలు నీ కడుపులో ఉంటాయిలే బావా!" అని మంగ తానే బయల్దేరింది.

సముద్రం వైపు తిరిగి "మావయ్యా..." అందో లేదో, వెనక నుంచి ఒడ్డు గయ్‌మంది. "నాకు వీపు చూపిస్తావా? నువ్వు అటు మనిషివే!"

మంగ గబుక్కున ఒడ్డు వైపు తిరిగింది. సముద్రం హోరెత్తింది. "నాకా వీపు?"

ఆ కోపపు అలలో మంగ పిల్ల ఒకటి కొట్టుకుపోయింది.

మంగ ఏడుస్తూ తలెత్తింది. ఎదురుగా గంగమ్మ గుడిలోంచి జాలరి ముత్యాలవ్వ బయటికొస్తోంది. అమ్మవారికి వీపు చూపకూడదు కదా, అందుకని వెనక్కి వెనక్కి అడుగులేస్తోంది.

'నేనలా నడిస్తే ఒకరికి ముఖం, ఇంకొకరికి వీపు!' అనుకుంది మంగ. ఆలోచించి ఆలోచించి, ఒక కన్ను సముద్రం మీద, ఒక కన్ను ఒడ్డు మీద నిలిపి, పక్కకు పక్కకు నడిచింది. ఇప్పుడు ఇద్దరిలో ఎవరికీ వీపు కనబడలేదు.

"మావయ్యా, నీకు ఒడ్డంతా ఎందుకు?"

"ఒడ్డెవడిక్కావాలే! ఒక్కచోటే పడుంటే ఊపిరాడదు. కాస్త కాళ్లు చాపుకోవాలి, అంతే."

"అత్తా, నీకు దిబ్బలెందుకు?"

"తడిసి తడిసి నా తీగల వేళ్లు కుళ్లిపోతున్నాయే. ఆరనిస్తే చాలు."

"ఇంతేనా!" అంది మంగ. "మావయ్య వచ్చి కాళ్లు చాపుకుని, వేళకి వెళ్లిపోతాడు. నువ్వు ఆరాక మళ్లీ వస్తాడు. సరేనా?"

ఒడ్డు దిబ్బ తీసింది. సముద్రం మెల్లగా వచ్చి, ఓ గవ్వ పెట్టి, వెనక్కి వెళ్లింది. మంగ మిగిలిన పిల్లలు తడి ఇసుకలో ఆడుకున్నాయి.

అప్పటినుంచే సముద్రం పోటుతో వస్తుంది, ఆటుతో పోతుంది. అప్పటినుంచే పీత ఎవరికీ వీపు చూపకుండా అడ్డంగా నడుస్తుంది.

ఈ ఒక్క పని గుర్తుంచుకోండి నాయనా. ఇద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యలో నిలబడి, ఇద్దరినీ మంగ అడిగినట్టే అడగండి. ఏదీ, అందరూ ఒక్కసారి అనండి: "నీకది ఎందుకు?"