అంటుకునే అద్దం

ఇల్లు వదిలేస్తానని ఓబులేసు పట్టుబట్టాడు. అరవై దాటిన మనిషి. సిద్ధమ్మ దగ్గర చాలా ఏళ్లుగా తత్త్వం వింటున్నాడు. సిద్ధమ్మ మగ్గం నేసుకుంటూనే నాలుగు జ్ఞానం మాటలు చెప్పే ముసలామె. జమ్మలమడుగు చుట్టుపక్కల ఆమె శిష్యులంతా ఆమెను అమ్మా అనే పిలుస్తారు.

"దేనికీ అంటుకోవద్దని నువ్వే గదమ్మా చెప్పినావు. నాకు పెండ్లామూ వద్దు, కొంపా వద్దు. ఈ పొద్దు నుంచి నీ అరుగు మీద పడుంటా."

"పడుందువులే. నా కన్ను మళ్లా మసక కమ్మింది. ముందు ఆస్పత్రికి తోడుకోని పో."

శుక్లం తీసి, లోపల అద్దం పెట్టిన కన్ను అది. ఓబులేసుకు ఒళ్లు మండింది. ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ కనబడగానే నిలదీశాడు.

"మా అమ్మకు పాచిపోయిన అద్దం పెట్టినారా ఏం?"

ఆ పిల్ల నవ్వింది. "పాచిపోను అదేమన్నా సద్దన్నమా తాతా? అద్దం శుభ్రంగానే ఉంది. దాని వెనక పలుచని సంచి ఉంటుంది, అది అవ్వ కంటిదే. దాని మీద కణాలు పాకి పొర కట్టింది. లేజరుతో ఆ పొరకు చిన్న కంత పెడితే చాలు."

"అందరికీ ఇట్లే అయితాదా?" అంది సిద్ధమ్మ.

"అద్దం దేనితో చేశారన్న దాన్ని బట్టి కూడా ఉంటుందవ్వా. కొన్ని రకాలు సంచికి అంటీ అంటకుండా ఉంటాయి. ఆ సందులో కణాలు దూరతాయి. ఇంకొన్ని సంచిని గట్టిగా అంటుకుంటాయి. వాటికి పొర తక్కువ. అసలు రాదని మాత్రం చెప్పలేను."

"అయితే అంటుకునే రకమే మేలంటావు."

"అంతే అవ్వా."

"ఇంగొకసారి చెప్పు తల్లీ. మా వానికి చెవుడు."

ఓబులేసు చెవులు బాగానే ఉన్నాయి. డాక్టరమ్మకు ఆ సంగతి తెలీదు. అతని చెవి దగ్గరికి వంగి, "అంటుకునేదే మేలు తాతా!" అని అరిచింది. బల్లల మీద కూర్చున్న ముసలోళ్లంతా ఇటు తిరిగి, అదేదో తమకే చెప్పినట్టు తలలూపారు.

లేజరు పని చిటికెలో అయిపోయింది. కంట్లో వేసిన చుక్కల మందు మత్తు దిగేదాకా ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. ఎండ వాలేసరికి సిద్ధమ్మ కన్ను తేటపడింది. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది. గోడను చూసింది, కుక్కను చూసింది, ఓబులేసు చొక్కాను చూసింది.

"తెల్ల చొక్కాకు ఎర్రదారంతో గుండీ కుట్టిందెవురురా?"

"మా ఆడది. పొద్దున వస్తావుంటే ఊడిపోయింది. తెల్లదారం లేదు."

"యాడికి పోతాండావో చెప్పే వచ్చినావా?"

"చెప్పినా."

"ఏమనింది?"

"గుండీ కుట్టి, దారం పంటితో తెంపింది."

సిద్ధమ్మ చెయ్యి చాచి ఆ గుండీని రెండు వేళ్లతో పట్టుకుని లాగి చూసింది. అది కదల్లేదు.

ఓబులేసు తల వంచుకుని ఆ గుండీనే చూసుకున్నాడు. తర్వాత లేచి, ఆమె కాళ్లకు మొక్కాడు.

"అమ్మా, మా ఊరికి ఆఖరి బస్సు ఉంటాదా?"

"అదో, వస్తాండేది అదే గదరా," అంది సిద్ధమ్మ, దూరంగా దుమ్ములోంచి వస్తున్న బస్సు బోర్డు చదువుతూ.