క్లీనరు పక్క చక్రం

నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద షెడ్డు నడిపే పరదేశి మేస్త్రి గారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చేతులు తుడుచుకునే గుడ్డ భుజాన వేసుకుని, "పద, బండి కాడికి" అంటారు. జవాబు అక్కడ దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు.

ఒక పొద్దున్న నా స్కూటరు పని మీద వెళ్లి అక్కడ కూర్చున్నాను. మేస్త్రి గారి పెద్ద శిష్యుడు రమణాజీ, ముప్పయ్యేళ్లవాడు, పాలిటెక్నిక్ చదువుకున్నవాడు, మొహం ముటముటలాడించుకుంటూ వచ్చి, "గురువుగోరూ, మందు మంచిదే అయినప్పుడు జబ్బెందుకు నయం కాదు?" అని అడిగాడు.

జబ్బు పైడితల్లి కారుది. నెలలు నిండిన ఆడవాళ్లను మన్యం ఊళ్ల నుంచి ఘాటీ దింపి ఆసుపత్రికి చేర్చడం ఆవిడ పని. పది రోజులుగా ఆ కారులో బ్రేకుల్లో తేడా ఉందని చెప్పే ఏబీఎస్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. వట్టి లైటే అయితే ఎవరూ పట్టించుకోరు. మలుపులో నెమ్మదిగా ఆపబోయేసరికి బ్రేకు పెడలు పాదం కింద గిజగిజ కొట్టుకుంటోంది, బండి ఆగాల్సిన చోట ఆగక మరో బారెడు ముందుకు పోతోంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సారు నుంచి తప్పు కబురు వస్తే అంతే. చక్రం బిగుసుకుపోయి జారుతోందనుకుని, బండి తనంతట తానే బ్రేకు వదులుతుంది. ఘాటీలో బారెడంటే లోయే.

రమణాజీ స్కానరు పెట్టి చూస్తే ముందు ఎడమ చక్రం సెన్సారు అని చెప్పింది. కొత్తది వేశాడు, లైటు ఆరింది. పైడితల్లి ఒకసారి కొండెక్కి దిగేసరికి మళ్లీ వెలిగింది. కొత్తది నకిలీదై ఉంటుందని ఇంకొకటి వేశాడు. మళ్లీ అదే కథ. చివరికి విసిగిపోయి, "ఆ లైటు బల్బు పీకేస్తానక్కా. స్టాండులో సగం బళ్లు అలాగే తిరగట్లేదా?" అన్నాడు.

"బల్బు పీకేస్తే నా కంటికి కనపడదు బావూ. నా కాలికి తెలీదేటి?" అంది షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్న పైడితల్లి. "సాయంత్రానికి కొండ మీంచి ఒక పిల్లని దించాల. తొలి కానుపు. బండి బాగయ్యేదాకా నానీ బల్ల మీంచి లెగను."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని స్టాండులోవాళ్లు ఆవిడ మీద విసుర్లు విసురుతారట. విసిరితే విసరనీ. నా ఇంటి ఆడపిల్లకు నొప్పులొస్తే నేను ఆ ఉలిపికట్టె బండే ఎక్కిస్తాను.

మేస్త్రి గారు గుడ్డ భుజాన వేసుకున్నారు. "అమ్మా, నువ్వు నీ సీట్లో కూకో. రమణాజీ, నువ్వు రోజూ నిలబడే కాడే నిలబడు."

ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. రమణాజీ ఎప్పటిలాగే పనిముట్ల బల్లకు వీపు పెట్టి, బానెట్టుకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఇప్పుడు ఇద్దరూ ఎడమ చక్రం సూపించండి."

రెండు చేతులు లేచాయి. ఒకటి తూర్పుకి, ఒకటి పడమటికి.

రమణాజీ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆ షెడ్డులో ఎవరూ కుడి అనరు, ఎడమ అనరు. డ్రైవరు పక్క, క్లీనరు పక్క అంటారు. కారుకు క్లీనరు ఉండడు కానీ, లారీల నుంచి వచ్చిన ఆ మాటతో ఎవరూ పొరపడరు. స్కానరుకు ఆ మాట తెలియదు, ఎడమ అంది. రమణాజీ తన ఎడమ చూసుకున్నాడు. రెండుసార్లూ డ్రైవరు పక్క చక్రం దగ్గర మంచి సెన్సారు పీకి మంచి సెన్సారు పెట్టాడు.

"ఎడమేపు దాపటెద్దు కుంటతందని దున్నేవోడు సెప్తే," అన్నారు మేస్త్రి గారు, "ఎదురుగా నిలబడ్డోడు ఎలపటెద్దు కాలికి కట్టు కడతాడేటి?"

నాకు నవ్వొచ్చింది. మా ఆవిడతో నేను పడే తగువులు గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాను.

క్లీనరు పక్క జాకీ మీద లేపారు. సెన్సారు నిక్షేపంగా ఉంది. దాని వైరును పట్టి ఉంచే క్లిప్పు ఘాటీ గతుకుల్లో ఎక్కడో రాలిపోయింది. వైరు ఇనుముకు రాసుకుని రాసుకుని పైతొడుగు ఊడి, లోపలి రాగికి పచ్చగా చిలుము పట్టింది. రమణాజీ చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పుతూ వైరు కదిలిస్తుంటే, పైడితల్లి సీట్లోంచి స్కానరులో ఆ చక్రం వేగం అంకె చదివింది. "ఏడు... ఎనిమిది... సున్నా. ఏడు... సున్నా."

ఆ తరువాత రమణాజీ ఎవరి వంకా చూడలేదు. కింద చతికిలబడి, పాడైన ముక్క కత్తిరించి, కొత్త ముక్క కలిపి టంకం పెట్టాడు. పైన గొట్టం తొడిగి వేడితో బిగించాడు. క్లిప్పు వేశాడు. మేస్త్రి గారు చాలన్నా వినకుండా, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పించి, వైరు దేనికైనా తగులుతోందేమోనని బోర్లా పడుకుని చూశాడు. మళ్లీ చక్రం తిప్పి, వైరు లాగి ఊపి చూశాడు. పైడితల్లి ఎనిమిది, ఎనిమిది అంటూనే ఉంది.

ఊరి చివర దిగుడులో ఆవిడే నడిపింది, రమణాజీ పక్కన కూర్చున్నాడు. పదిసార్లు ఆపి చూశారు. తిరిగొచ్చాక ఆవిడ కిందికి దిగను కూడా దిగలేదు. "కాలి కింద గమ్మునున్నాది గురువుగోరూ. మరి నానెల్తాను" అని నేరుగా కొండదారి పట్టింది. ఆ తొలి కానుపు పిల్ల ఎవరో నాకు తెలియదు. ఆ కారు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా మాత్రం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.

మేస్త్రి గారు తుక్కు డబ్బాలో చెయ్యి పెట్టి, మొదటిసారి పీకేసిన పాత సెన్సారు వెతికి తీశారు. భుజం మీది గుడ్డతో దాని మట్టి తుడిచి, రమణాజీ అరచేతిలో పెట్టారు.

"మందు మంచిదే నాయనా. నువ్వెటేపు నిలబడ్డావు?"