గరిక అల్లిన మూడు మూలల చదరం

అనగనగా ఒక అడవిలో, గడ్డి మోకాలెత్తు పెరిగే చోట, కుందనమ్మ అనే కుందేలు ఉండేది. మోకాలెత్తంటే మన మోకాలు కాదర్రా, ఏనుగు మోకాలు! అంత గడ్డి ఉన్నా ఆ ఇంట్లో పిల్లలకు చాలేది కాదు.

పెద్దది దవనం. రెండోవాడు పెసలు. మూడోది గరిక. ఆ మధ్యే నాలుగోవాడు పుట్టాడు. వాడికింకా పేరు లేదు. ఉయ్యాల పండుగ నాడు పెడతారు.

ఆ కుందేళ్ల ఇళ్లలో ఒక ఆచారం ఉంది. కొత్త పాపాయిని ఉత్త ఉయ్యాలలో వెయ్యరు. అక్కలూ అన్నలూ తలా ఒక చదరం ఊలుతో అల్లాలి. అల్లుతున్నంతసేపూ పాపాయికి చెప్పాలనుకున్న మాటలు చెబుతూ ఉండాలి. అమ్మ ఆ చదరాలన్నీ కలిపి దుప్పటి చేస్తుంది. పండుగ నాడు మేనత్త ఆ దుప్పటి పట్టుకుని, ఎవరేం చెప్పారో అడుగుతుంది. అది విన్నాకే పాపాయిని పడుకోబెడతారు.

పిల్లలు ముళ్లకంపలకు చిక్కుకున్న గొర్రె బొచ్చు ఏరుకొచ్చారు. కుందనమ్మ వడికి, మోదుగ పూలతో రంగు వేసింది. ఏదుపంది రాల్చిన ముళ్లకు కొసన గాటు పెట్టి కొక్కెం సూదులు చేసింది. ఇక చూడండి ఆ ఇంట్లో సందడి!

"అమ్మా, అన్నయ్య నా ఊలుండ మీద కూర్చున్నాడు!"

"నేనేం కూర్చోలేదు. అదే నా కిందికి వచ్చింది!"

దవనం చదరం ముచ్చటగా వచ్చింది. పెసలుది కాస్త వదులైంది, ఫరవాలేదు. గరిక చదరానికి మూడే మూలలు వచ్చాయి. నడుమ వేలు దూరేంత కన్నం కూడా! నవ్వకండి. ఆ వయసులో మీరైనా అంతే. పాపం గరిక నాలుక బయటపెట్టి, గుసగుసలాడుతూ మూడు రోజులు అల్లింది.

పండుగ ముందురోజు మధ్యాహ్నం పిల్లలు మేతకు వెళ్లారు. కుందనమ్మ చదరాలు ముందేసుకుని కూర్చుంది. గరిక చదరం చూడగానే గుండెల్లో రాయి పడింది.

"రేపు పిల్లల మేనత్త, ఎర్రగట్టు వదిన వస్తుంది. అన్నిటికీ వంకలు పెడుతుంది. ఇది చూస్తే నలుగురిలో నా పరువేం కాను?" అనుకుంది.

కొస పట్టుకుని లాగింది. మూడు రోజుల పని సర్రున ఊడిపోయింది. అదే ఊలుతో తనే చకచకా మరో చదరం అల్లేసింది. తొందరలో ఒక్క మాటా చెప్పలేదు. 'చిన్నపిల్ల, దానికేం తెలుస్తుందిలే' అనుకుంది. కుందనమ్మ చెడ్డది కాదర్రా. కానీ ఆ పని మాత్రం చెడ్డదే.

మర్నాడు చుట్టాలూ, ఇరుగుపొరుగు ఉడుతలూ, తాబేలు తాతా వచ్చారు. మేనత్త దుప్పటి చేతిలోకి తీసుకుంది.

"ఇదెవరిదే?"

"నాదత్తా. నక్క వాసన వస్తే కదలొద్దని చెప్పాను," అంది దవనం.

"మరి ఇది?"

"నాది. ముల్లంగి తోటకు దగ్గరిదారి చెప్పాను," అన్నాడు పెసలు.

"ఇదేమో భలే కుదిరిందే! గరికా, నీదేనా?"

గరిక దగ్గరికొచ్చి మూలలు లెక్కపెట్టింది. నాలుగున్నాయి.

"ఇది నాది కాదత్తా. నాది వంకరగా ఉంటుంది," అంది. తర్వాత తల్లివైపు తిరిగింది. "అమ్మా, తమ్ముడికి నేను చెప్పిన మాటలన్నీ ఏవీ?"

కుందనమ్మ తల దించుకుంది.

"నేనే విప్పేశానమ్మా. మీ అత్త ఏమంటుందోనని విప్పేశాను."

మేనత్త బుగ్గలు నొక్కుకుంది. "ఓసి పిచ్చిదానా! మీ ఆయన పుట్టినప్పుడు నేను అల్లింది చూసి, 'ఇది చదరమా, చేపల వలా?' అన్నారంతా. మా అమ్మ దాన్నే దుప్పటిలో కలిపింది. నా తమ్ముడు అందులోనే పడుకున్నాడు!"

కుందనమ్మ అందరి ముందే తన చదరం తీసి విప్పేసింది. ఊలు గరిక చేతికిచ్చింది. గరిక నాలుగు కుట్లు వేసి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అప్పుడు చెప్పినవి గుర్తు రావట్లేదమ్మా."

కుందనమ్మ కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. "తప్పు నాదే తల్లీ. ఆ మాటలు నేను తిరిగి తేలేను. ఏం చేసినా తేలేను. కొత్తవి చెబుతావా?"

గరిక కళ్లు తుడుచుకుని, మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. వంటలు చల్లారిపోయాయి. ఉడుతలు ఆకలని గొణిగాయి. తాబేలు తాత మాత్రం, "నాకేం తొందర లేదు. నిదానంగా అల్లవే," అన్నాడు.

పొద్దు వాలేసరికి చదరం పూర్తయింది. మళ్లీ మూడే మూలలు. కన్నం ఇంకాస్త పెద్దది! కుందనమ్మ దాన్ని ఉన్నదున్నట్టే దుప్పటికి కలిపింది.

"ఇప్పుడు చెప్పవే, ఏమన్నావు?" అడిగింది మేనత్త.

"భయమేస్తే నా పక్కలోకి రమ్మన్నాను. అన్నయ్య పక్కలోకి వద్దన్నాను, తంతాడు కదా!"

అందరూ ఫక్కున నవ్వారు. కుందనమ్మ ఏడుస్తూనే నవ్వింది. పాపాయికి చిగురు అని పేరు పెట్టి ఉయ్యాలలో వేశారు. గరిక ఉయ్యాల ఊపుతూ అడిగింది:

"అమ్మా, ఇంకో తమ్ముడు ఎప్పుడు పుడతాడు? ఈసారి నాలుగు మూలలూ అల్లుతాను!"

"ముందు వీణ్ణి నిద్రపోనీయవే తల్లీ!" అంది కుందనమ్మ, దాని చెవులు నిమురుతూ.

నీతి: పిల్లలు ప్రేమగా చేసింది వంకరగా ఉన్నా విప్పకూడదు. కుట్లు ఎవరైనా మళ్లీ వేయగలరు, అందులో వాళ్లు దాచిన మాటలు మాత్రం ఎంత నేర్పు ఉన్నా మనం అల్లలేం.